టవరు కాళ్ళు తడిసిన పొద్దు

ఫోను మోగగానే ఇంట్లోవాళ్ళు వీధిలోకీ, వీధిలోవాళ్ళు ఇసుకదిబ్బ మీదకీ పరుగెత్తి, ఒక చెవి మూసుకుని రెండో చెవితో “ఆఁ... వినపళ్ళా... గట్టిగా చెప్పు” అని అరిచిన కాలం మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో నేను ఒక టవరు కంపెనీలో టెక్నీషియన్ని. టవరు కంపెనీ అంటే సిమ్ములు అమ్మే కంపెనీ కాదు. టవరు మాది, దాని మీద డబ్బాలూ యాంటెనాలూ పెట్టుకుని సిగ్నలు ఇచ్చేవాళ్ళు వేరే. మేం ఇల్లుగలవాళ్ళం, వాళ్ళు అద్దెకుండేవాళ్ళు. ఒక్కో సిమ్ము కంపెనీ ఒక్కో టవరు కట్టుకునే బదులు, ఒకే టవరు మీద ఇద్దరు ముగ్గురు సర్దుకుంటే అందరికీ కలిసొస్తుందని మా కంపెనీ సిద్ధాంతం. శిక్షణలో ఈ మాట చెప్పినప్పుడు, ప్రపంచంలో ఇంతకంటే సులువైన సంగతి ఇంకోటి లేదనుకున్నాను. (నాకప్పుడు ఉద్యోగం కొత్త, మీసం కొత్త, కంపెనీ ఇచ్చిన హెల్మెట్ ఇంకా కొత్త. దాన్ని నెత్తిన పెట్టుకునే టీ తాగేవాణ్ణి.)

ఇందుకూరుపేట దాటి సముద్రం కేసి పోతే, రొయ్యల గుంటలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట మా పాలెం. దాని పక్కనే ఇంకో పాలెం. రెంటికీ మధ్య ఒక ఉప్పుకాలువ, పాటుకి మోకాలి లోతు, పోటుకి నడుం లోతు. ఒకప్పుడు రెండూ ఒకటే పాలెం. నేను డిప్లొమా చదివే రోజుల్లో ఒకరి వల మీదుగా ఇంకొకరి పడవ పోయి వల తెగింది. తెగిన వలని కూర్చుని కుట్టుకోవచ్చు. కానీ మాటకి మాట పెరిగి, చేతులు లేచి, చివరికి రెండు పక్కల కాపులూ దురాయి వేశారు. (మా పాలేల్లో కాపు అంటే కులం కాదు, కట్టుబాటు చూసే పెద్దమనిషి. ఆ పెద్దమనుషులు వేసే నిషేధం పేరు దురాయి. పోలీసు మాట దాటినవాళ్ళని చూశాను గానీ దురాయి దాటినవాణ్ణి నేను చూడలేదు.) ఈ పాలేనికీ ఆ పాలేనికీ నిప్పు లేదు, నీళ్ళు లేవు, మాట లేదు. దాటిన ఇంటివాళ్ళ పడవని నీళ్ళలోకి తొయ్యడానికి ఎవరూ భుజం పట్టరు. నలుగురూ భుజం పట్టందే పడవ కదలదు, పడవ కదలందే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. దురాయికి మినహాయింపు ఒక్కటే. అది సముద్రంలో చెల్లదు. (ఉప్పునీళ్ళే అయినా కాలువ ఆ లెక్కలోకి రాదు, అది హద్దు.) నీళ్ళ మీద ఎవరి ఇంజను ఆగిపోయినా తాడు విసరాల్సిందే, దాహమంటే బిందె అందించాల్సిందే. ఒడ్డుకి రాగానే మళ్ళీ మొహాలు తిప్పుకునేవాళ్ళు.

ఈ గొడవకి ముందే మా అక్కని ఆ పాలేనికి ఇచ్చాం. ఇచ్చాం అంటే కాలువ దాటించాం, అంతే. మా వాకిట్లో నిలబడితే అక్క వాళ్ళ పొయ్యి పొగ కనపడేది. దురాయి పడ్డాక అదే మాకు సింగపూరైపోయింది. అక్కని పురిటికి తెచ్చుకోలేకపోయాం. ఆడపిల్ల పుట్టింది. మా అమ్మ మొదటి మనవరాలు. ఆ పిల్లని అమ్మ ఎత్తుకోలేదు, నీళ్ళు పొయ్యలేదు, దిష్టి తియ్యలేదు. మా నాన్న లేని ఇంట్లో మమ్మల్నిద్దర్నీ పెంచిన మనిషి, ఎప్పుడూ ఏడవగా నేను చూడని మనిషి, ఆ వారమంతా చేపలు ఎండబెడుతూ అస్తమానం కొంగుతో మొహం తుడుచుకునేది. ఏందమ్మా అంటే “ఎండ” అనేది.

తర్వాత ఫోన్లొచ్చాయి. మా పాలెం వాళ్ళదంతా మా టవరు మీదున్న కంపెనీ సిమ్ము. ఆ పాలెం వాళ్ళదంతా, వాళ్ళ తుపాను షెల్టరు మిద్దె మీద ఇనప స్తంభం పాతిన వేరే కంపెనీ సిమ్ము. మా సిమ్ము వాళ్ళలో ఎవరి జేబులో దొరికినా, మా దొరువులో నీళ్ళు తాగినంత నేరం. అయితే ఈ సిమ్ములోంచి ఆ సిమ్ముకి ఫోను చెయ్యకూడదని మాత్రం ఎవరూ అనలేదు. దురాయి వేసిన నాడు రెండు పాలేల్లోనూ ఫోనే లేదు మరి. ఆ సందు మా అమ్మ పట్టుకుంది. పొద్దు వాలేవేళ అమ్మ కాలువకి ఈ గట్టున, అక్క ఆ గట్టున నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఫోన్లలో మాట్లాడుకునేవాళ్ళు. కేకేస్తే వినపడే దూరం. కేకేస్తే దురాయి. “మా, పాపకి పన్నొచ్చిందే” అని అక్క పిల్లని పైకెత్తేది. “కనపళ్ళేదే, రొంత ఇటు తిప్పు” అని అమ్మ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకునేది. తప్పు కాదా అని నేనడిగితే నన్నే కసిరింది. “నేను దాంతో మాట్లాడితే గదరా తప్పు. నేను మాట్లాడేది ఈ డబ్బాతో. డబ్బాది ఏ పాలెం?” అంది. కాపులు కూడా ఆ వేళకి కాలువ వైపు చూడకుండా నడిచేవాళ్ళు.

ఇలా జరిగిపోతూ ఉండగా, ఉప్పుగాలికి తుపాను షెల్టరు మీది స్తంభం తుప్పు పట్టి ఒక పక్కకి వంగింది. మిద్దె పగిలేలా ఉంది, పీకెయ్యమన్నారు. పీకేశారు. దాని తాలూకు సిమ్ము కంపెనీవాళ్ళు తమ యాంటెనాలు మా టవరు మీద పెట్టుకుంటామని మా కంపెనీతో ఒప్పందం రాసుకున్నారు. (పాతది పీకిన తర్వాతే కొత్తదాని సంగతి చూడ్డం మా వృత్తిలో ఆచారం.) యాంటెనాలతో లారీ వచ్చేసరికి మా టవరు గేటు ముందు మా పాలెం మొత్తం కూర్చుని ఉంది. వాళ్ళ ముందు మా పెద్దకాపు, లాంతరు తాత. (కరెంటొచ్చి ఎన్నాళ్ళయినా చేతిలో లాంతరు వదిలేవాడు కాదు, పట్టపగలు కూడా.)

“ఒరే టవరోడా, పక్కపాలెం డబ్బాలు మన టవరు ఎక్కేదానికి లేదు” అన్నాడు.

అవతల గట్టున వాళ్ళ పెద్దకాపు రేడియో మామ ఉన్నాడు. (వాతావరణం వార్తల కోసం చంకలో రేడియో ఎప్పుడూ మోగుతూ ఉండేది.) ఆయన గాలికి చెప్తున్నట్టు చెప్పాడు. “వాళ్ళ టవరు మీంచి వొచ్చే మాట మాకు అక్కర్లేదు. మా వాళ్ళెవురూ ఆ ఫోన్లు ఎత్తరు.”

దురాయి పడ్డ తర్వాత రెండు పాలేలూ ఒక్క మాట మీదకి రావడం అదే మొదటిసారి. లారీ టవరు చుట్టూ ఉన్న సరుగుడు తోపులోనే ఆగిపోయింది.

ఆ సాయంత్రం అమ్మ మామూలుగానే కాలువ గట్టుకి పోయింది. అక్కా వచ్చింది, చంకలో పిల్లతో. అమ్మ ఫోను నొక్కింది. మీరు పిలిచిన నంబరు అందుబాటులో లేదని ఎవరో అమ్మాయి చెప్పింది. మళ్ళీ నొక్కింది. కనపడుతూ ఉన్న మనిషి అందుబాటులో లేకపోవడం ఏమిటో అమ్మకి అర్థం కాలేదు. అక్క పిల్ల చెయ్యి పట్టుకుని ఊపించింది. అమ్మా చెయ్యూపింది. చీకటి పడేదాకా ఇద్దరూ ఊరికే నిలబడ్డారు. ఇంటికొచ్చి అన్నం పెడుతూ, “టవర్లు కట్టే కంపెనీలో పని చేస్తా ఉండావే, ఏందిరా నీ ఉద్యోగం?” అంది. తిట్టినా బాగుండేది. నేను హెల్మెట్ తీసి మంచం కింద పెట్టాను.

నెల్లూరు నుంచి మా మేనేజరు సారు జీపులో దిగారు. కాలువ బురద చూశారు, తమ బూట్లు చూసుకున్నారు. “లోకల్ ఇష్యూ కదయ్యా. నువ్వే లోకల్. చూసుకో” అని మళ్ళీ జీపెక్కి కూర్చున్నారు. నేను రెండు పక్కలా కాళ్ళావేళ్ళా పడితే, ఎవరి గట్టున వాళ్ళు కూర్చుని నేను చెప్పేది వింటామన్నారు. ఒకరితో ఒకరు మాట్లాడరు గాబట్టి నేను మధ్యలో, నీళ్ళలో, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి నిలబడాలి. ఇటు లాంతరు తాత “ఒరే, అడుగు” అంటాడు. నేను అటు తిరిగి అదే అడుగుతాను. అటు రేడియో మామ “చెప్పు” అంటాడు. నేను ఇటు తిరిగి అదే చెప్తాను. అందరికీ అన్నీ వినపడుతూనే ఉన్నాయి. అయినా నేను చెప్పేదాకా ఎవరూ విన్నట్టు మొహం పెట్టరు. ఆ కాలువలో అసలు టవరు నేనే. కాళ్ళ మధ్య రొయ్యపిల్లలు తిరుగుతూ ఉన్నాయి.

“తాతా, టవరంటే ఒట్టి ఇనుము. ఎవురి డబ్బా వాళ్ళది, ఎవురి తీగ వాళ్ళది. ఒకరి మాట ఇంకొకరి దాంట్లో కలవదు. ఒకే బస్సులో ఇద్దరు ఎక్కితే చుట్టాలైపోతారా?” అన్నాను.

“వాళ్ళెక్కిన బస్సు మేం ఎక్కం” అన్నాడు లాంతరు తాత గంభీరంగా. నేను అటు తిరిగి చెప్పాను. “మేమూ అంతే” అని జవాబొచ్చింది. ఇటు తిరిగి అదీ చెప్పాను.

అయినా మెల్లగా మెత్తబడ్డారు. తీగలు వేరు, డబ్బాలు వేరు అన్న మాట వాళ్ళకి నచ్చింది. మా అమ్మ ఆడవాళ్ళలో వెనగ్గా నిలబడి నా వంకే చూస్తోంది. ఆ చూపుకి నాకు ఉత్సాహం వచ్చింది. అక్కడ ఆపి ఉంటే బాగుండేది. శిక్షణలో నేర్చుకున్నదంతా ఆ కాలువలోనే ఒలకబోశాను. “అసలు దీంట్లో గొప్పేందంటే మామా, కంచె ఒకటే, కాపలా ఒకటే, జనరేటరు ఒకటే! కరెంటు పోయిందనుకో, ఒక్క జనరేటరుతోనే రెండు కంపెనీలూ నడుస్తాయి. దేశమంతా ఇట్టానే!”

లాంతరు తాత తల పైకెత్తాడు. “జనరేటరంటే డీజిలు మండేది గదా?”

“అవును తాతా.”

“ఆ మంట ఒకటేనా?”

“ఒకటే తాతా!” అన్నాను, ఛాతీ విరుచుకుని.

 రేడియో మామ రేడియో కట్టేశాడు. ఆయన రేడియో కట్టెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. “నిప్పు కలిసిందిరా అబ్బయా” అన్నాడు లాంతరు తాత, చావు కబురు చెప్పినంత మెల్లగా. నిప్పు, నీళ్ళు, మాట. దురాయిలో మొదటి మాటే నిప్పు. మగవాళ్ళు లేచి తువ్వాళ్ళు దులుపుకున్నారు. అమ్మ వెనక్కి తిరిగింది. అవతల అక్క ఇంకా అక్కడే ఉంది.

నాకు దుఃఖమో కోపమో తెలియనిది ఒకటి పొంగింది. కంపెనీ భాష అంతా పోయి ఇంటి భాష వచ్చేసింది. “పోండి! అందురూ పోండి! మీకేం, గట్టున కూచోని చెప్తారు. ఆ టవరు కాడ చచ్చేది నేను! పున్నమొస్తే పోటు, అమాసొస్తే పోటు. కంచె లోపలికి నీళ్ళొచ్చి, తీగలు తుప్పు పట్టి, పీతల్ని తోలుకుంటా నేను ఆడ నిలబడాల! చేపలొక్కటే తక్కువ!” అని నీళ్ళని కాలితో తన్నాను. ప్యాంటు మొత్తం తడిసింది.

రేడియో మామ నడుస్తున్నవాడు ఆగాడు. “ఒరే, ఏందంటివి? కంచె లోపలికి పోటు నీళ్ళొస్తాయా?”

“వొస్తాయి. ఏం?”

“సముద్రం నీళ్ళేనా?”

“మరి నెల్లూరు చెరువు నీళ్ళా మామా?”

ఆయన కాలువ మీదుగా లాంతరు తాత వంక చూశాడు. లాంతరు తాత కూడా ఆయన వంక చూశాడు. అన్నాళ్ళలో వాళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోవడం నాకు తెలిసి అదే. తాత గొంతు సవరించుకుని, “ఒరే టవరోడా, పున్నమి దాకా ఆగమని చెప్పు” అన్నాడు. నేను అటు తిరిగి చెప్పాను. నాకు ఏమీ అర్థం కాలేదు.

పున్నమి మర్నాడు పొద్దున్నే కంచె చుట్టూ రెండు పాలేలూ నిలబడ్డాయి, ఆ పక్క వాళ్ళు ఆ పక్క, ఈ పక్క వాళ్ళు ఈ పక్క. అప్పటికి ఎవరో నాకు విషయం చెప్పారు. కంచె లోపలికి నీళ్ళు రాకూడదని ప్రతి పున్నమికీ దణ్ణాలు పెట్టుకున్న నేను, ఆ పొద్దున నీళ్ళు రావాలని దణ్ణం పెట్టుకున్నాను. (నా కంపెనీ సామాను మునిగిపోవాలని మొక్కుకున్న టెక్నీషియన్ని నేనొక్కణ్ణే అయి ఉంటాను.) కాలువ నిండింది. నీళ్ళు తోపులోకి పాకాయి. సరుగుడు ఆకుని ముందుకు తోసుకుంటూ కంచెదాకా వచ్చాయి. వచ్చి, ఆగాయి. ప్రతిసారీ నా బతుకు బుగ్గి చేసిన పోటు ఆ రోజు గేటు దగ్గర మర్యాదగా నిలబడిపోయింది. అమ్మ పెదాలు కదుల్తున్నాయి. ఆవిడ ఎవర్ని తిడుతోందో నాకు తెలియలేదు. చాలాసేపటికి గేటు కింది సందులోంచి ఒక సన్నటి పాయ లోపలికి జారింది. ఇసుకలో ఇంకింది. ఇంకోటి వచ్చింది. తర్వాత అన్నీ కలిసి, సిమెంటు దిమ్మె ఎక్కి, టవరు కాలిని తడిపాయి.

లాంతరు తాత గేటు తియ్యమన్నాడు. లోపలికి పోయి, టవరు కాలి దగ్గర వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. ఊసి, పక్కకి జరిగాడు. రేడియో మామ కూడా పోయి వేలు ముంచి నాకాడు.

“ఉప్పగా ఉండాదని చెప్పు” అన్నాడు తాత నాతో.

“సముద్రమేనని చెప్పు” అన్నాడు మామ నాతో.

నేను ఇద్దరికీ చెప్పాను. తాత అందరికీ వినపడేలా అన్నాడు. “ఈ కంచె లోపలంతా సముద్రం. సముద్రంలో దురాయి చెల్లదు. నిప్పు కలిసినా తప్పు లేదు. డబ్బాలు ఎక్కించుకోండి.”

రెండో పూటకల్లా పనివాళ్ళు టవరెక్కారు. యాంటెనాలు బిగించి, తీగలు కలిపి, పెట్టెలు ఆన్ చేశాక నేను కాలువ గట్టుకి పరుగెత్తాను. అమ్మ చేతిలో ఫోను అప్పటికే మోగుతోంది. అక్క. నేను అంతకాలం ఎదురుచూసింది ఆ మోత కోసమే. అమ్మ మాత్రం ఫోను ఎత్తలేదు. తలెత్తి టవరు వంక చూస్తోంది.

“రేయ్, ఆ కంచె లోపల సముద్రమేనా?”

“కాపులే చెప్పిరి గదమ్మా. ముందు ఫోనెత్తు.”

“సముద్రంలో దురాయి లేదు గదా?”

“లేదు.”

“గేటు తాళం నీకాడే ఉండాది గదా?”

నేను జేబు తడుముకున్నాను. అమ్మ అప్పుడు ఫోనెత్తింది. “మే, పాపని ఎత్తుకోని సముద్రానికి రా. నేనూ వొస్తా ఉండా” అని పెట్టేసింది. చెప్పులు కూడా తొడుక్కోలేదు.

కంచె లోపల, జనరేటరు పక్కన, తడి ఇసుకలో ఇద్దరూ ఎదురుపడ్డారు.  అక్క పిల్లని అందించింది. పిల్ల కొత్త మొహం చూసి ఏడవబోయి, గొంతు గుర్తుపట్టిందేమో, ఆగి చూసింది. అమ్మ దాన్ని చంకనేసుకుని, సర్దుకుని, మళ్ళీ సర్దుకుంది. “ఇంత బరువుండాదే. ఫోనులో చెప్పలేదేమే?” అంది. అప్పుడు ఏడ్చింది. ఈసారి ఎండని అనలేదు. నేను మీటరు చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను. మీటరు నాకు కనపళ్ళేదు.

మర్నాటి నుంచి నా ఉద్యోగం మారిపోయింది. ఆ పాలేనికి ఇచ్చిన కూతుళ్ళు, ఈ పాలేనికి వచ్చిన కోడళ్ళు, చిన్నాయన కొడుకులు, ఒక్కొక్కరే “అన్నా, రొంత సముద్రం తలుపు తియ్యన్నా” అని వచ్చేవాళ్ళు. కానాగంత చేపల పులుసు గిన్నెలు చేతులు మారేవి. ఒక సాయంత్రం రేడియో మామ వచ్చాడు. వచ్చి ఒక మూల కూర్చున్నాడు. కాసేపటికి లాంతరు తాత కోడలు వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆవిడ రేడియో మామ చెల్లెలన్న సంగతి రెండు పాలేల్లో అందరికీ తెలుసు, ఆ కాలువ పంచాయితీ రోజున మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. తాత గేటు బయట లాంతరు పట్టుకుని, కోడలు తిరిగి వచ్చేదాకా నిలబడ్డాడు. నేను ‘అనుమతి లేనిదే లోపలికి రాకూడదు’ అన్న బోర్డు ముందు తాళం చెవి పట్టుకుని ఇంకో పక్క నిలబడ్డాను.

ఒకసారి మేనేజరు సారు తనిఖీకి వచ్చి గేటు దగ్గరే ఆగిపోయారు. లోపల ఆడవాళ్ళు పేలు చూసుకుంటున్నారు. “ఎవరయ్యా వీళ్ళంతా? సైటు లోపల ఏం చేస్తున్నారు?” అన్నారు. నేను ఉన్నదే చెప్పాను. “వాళ్ళు సముద్రంలో ఉన్నారు సార్.” సారు నన్ను చాలాసేపు చూసి, సెలవేమైనా కావాలా అని అడిగారు.

దురాయి ఎప్పుడు పోయిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఎవరూ దాన్ని ఎత్తెయ్యలేదు. కంచె లోపల మొదలైన మాట పూర్తికాక, గేటు దాటి నడుస్తూ కూడా కొందరు మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఇంకొందరు. కాలువ మీద ఇప్పుడు వంతెన ఉంది. లాంతరు తాత లేడు, రేడియో మామ లేడు. మా అమ్మ కూడా లేదు. ఆ టవరు మీదకి ఇంకా కొన్ని కంపెనీలు ఎక్కాయి. నేను నెల్లూరు ఆఫీసులో ఏసీ గదిలో కూర్చుని టవర్లన్నీ తెర మీద చూస్తాను. నాకు పొట్ట వచ్చింది, హెల్మెట్ అవసరం పోయింది. ఆ తెర మీద మా పాలెం టవరు ఆకుపచ్చ చుక్కగా నేల మీదే కనపడుతుంది. కొత్తగా చేరిన ఇంజనీర్లకి ఆ చుక్క సముద్రంలో ఉండాలని నేను ఎప్పుడూ చెప్పలేదు. వాళ్ళూ సెలవు తీసుకోమంటారని భయం.

అక్క కూతురు ఇప్పుడు సూళ్లూరుపేటలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. రోజూ వీడియోలో కనపడుతుంది. “బాగుండా మామా, తింటా ఉండా మామా” అంటుంది, నవ్వుతుంది, మొహం నిండుగా ఉంటుంది. ఈ మధ్య సెలవులకి వచ్చినప్పుడు అక్క ఫోను చేసి, “ఒరే, పాపొచ్చింది, సముద్రానికి రా” అంది. (మా ఇంట్లో ఆ మాటకి ఇప్పటికీ అర్థం అదే.) పోయాను. టవరు కంచె పక్కన ఇసుకలో ఇద్దరూ కూర్చుని ఉన్నారు. పిల్ల లేచి వచ్చి నా భుజం పట్టుకుంది. దాన్ని దగ్గరికి తీసుకుంటే నా చేతికి ఎముకలు తగిలాయి.

“ఇంత సన్నబడినావే. ఫోనులో చెప్పలేదేమే?” అన్నాను.

అక్క చటుక్కున తల తిప్పి నా మొహం చూసింది. నేనూ ఆ గొంతు ఎక్కడిదా అని పక్కకి చూశాను.